కోడిపుంజుతో దుప్పిగుట్ట చుట్టూ

బయల్దేరిన చోటికే తిరిగి రావడానికి పందొమ్మిది కిలోమీటర్లు నడుస్తామని చెబితే, విన్నవాళ్ల ముఖంలో ఒక రకమైన జాలి కనిపిస్తుంది. హనుమకొండలో మా కాలనీవాళ్ల ముఖాల్లో చూశాను. ఏటూరునాగారంలో టీ పోసినాయన ముఖంలో చూశాను. "అంత నడిచి మల్ల ఆడికే వచ్చుడైతే, ఆడనే ఉండొచ్చు గద" అన్నాడాయన చిల్లర తిరిగిస్తూ. నాకు నవ్వొచ్చింది. ఆ ప్రయాణం పొడుగునా నాకు ఊరికే నవ్వొస్తూనే ఉంది.

నేను ఇరవై ఎనిమిదేళ్లు సర్వేయరుగా పనిచేసి నిరుడు రిటైరయ్యాను. ఉద్యోగమంతా పక్కవాడి గట్టు దగ్గర ఆగిపోవడమే. ఏదైనా ఒకదాని చుట్టూ ఎవరూ ఆపకుండా పూర్తిగా తిరిగి రావాలని ఎప్పటినుంచో కోరిక. తెలంగాణ సరిహద్దు అవతల, ఉసూర్ దగ్గరి ఈ దుప్పిగుట్టను మ్యాపులోనే చూసి మనసు పడ్డాను. నిండుగా, గుండ్రంగా, చుట్టూ చుక్కల గీతలా కాలిబాటతో ఉంది. రెండు నెలలు కూర్చుని నాలుగు పేజీల ప్లాను రాసి లామినేషన్ చేయించాను. ఎన్నింటికి లేవాలి, ఎక్కడ నీళ్లు తాగాలి, ఎక్కడ ఎన్ని నిమిషాలు కూర్చోవాలి, అన్నీ అందులో ఉన్నాయి. అందులో ఎర్ర సిరాతో ఒక నియమం కూడా ఉంది. పదకొండున్నరకల్లా సగం దూరం దాటకపోతే వచ్చిన దారినే వెనక్కి తిరగాలి.

తోడుగా మా సరోజ వదిన వచ్చింది. డాక్టరు ఆమెను నడవమన్నాడు. ఆయన చెప్పింది పార్కులో అరగంట అని బీజాపూర్ చేరేదాకా నాకు చెప్పలేదు.

బీజాపూర్ అంగడి

బీజాపూర్‌లో దిగిన రోజు అక్కడ వారం అంగడి. చింతపండు గంపలు, ఎండుచేపల కుప్పలు, ప్లాస్టిక్ చెప్పుల పక్కనే బాణాల ములుకులు. కూరగాయలమ్మే ఒక్కామె మాతో తెలుగు, వెనకామెతో గోండి, జవానుతో హిందీ, తన మేకతో హల్బీ మాట్లాడింది. మేకతో ఎందుకలా అని వదిన అడిగితే, దాన్ని జగదల్‌పూర్ వైపు కొన్నామని చెప్పింది.

అంగడి చివర కోడిపందెం జరుగుతోంది. మా వైపు పోలీసులు వస్తారని మామిడితోటల్లో దాక్కుని ఆడతారు. ఇక్కడ పిల్లాపాపలతో వచ్చి చూస్తున్నారు. ఓడిన కోడి గెలిచినవాడిది. రెక్కలు పట్టుకుని తీసుకెళ్లిపోతాడు, సాయంత్రానికి కూరైపోతుంది. మంచి పందెం పుంజు పదిహేను వందలు చెబుతున్నారు. మా పుంజు కథ తెలిసేదాకా ఈ సంగతి నాకు పట్టలేదు.

ఉసూర్, వెంకటేశం కొట్టు

వదిన చిన్నాన్న కొడుకు వెంకటేశానికి ఉసూర్‌లో కిరాణా కొట్టుంది. వాళ్ల నాన్న కాలంలో భోపాలపట్నం నుంచి వచ్చి స్థిరపడ్డారు. నా లామినేషన్ కాగితాలు చూసి వెంకటేశం, ఇవి చెమటకు తడవవు గాని, మీకు దారి చూపే మనిషి కావాలక్కా అన్నాడు. మరుసటి రోజు పొద్దున అమ్మకానికి చెట్ల బంక, చింతపండు తెచ్చిన మంగక్కను మా ముందు కూర్చోబెట్టాడు.

మంగక్కది గుట్ట కిందనే ఉన్న తాళ్లగూడెం. వయసు యాభై ఉండొచ్చు, తనకూ తెలియదు. ఎండకు కళ్ల మీద చేయి అడ్డం పెట్టుకుని నా మ్యాపంతా ఓపిగ్గా చూసింది.

"ఆడ చుట్టాలున్నరా మీకు?"

లేరన్నాను.

"గడ్డలు తవ్వుతరా? బంక తీస్తరా?"

లేదన్నాను.

"మరి ఏందికి?"

వదిన నావైపు చూసి పకపకా నవ్వింది. ఊరికే నడవడానికి అన్నాను. మంగక్క చాలా మర్యాదగా, తనకు పని ఉందని చెప్పి లేచిపోయింది. పోలీసు అవుట్‌పోస్టులో పేర్లు రాయించడానికి వెళ్తే అక్కడి జవాను కూడా అదే ప్రశ్న హిందీలో అడిగాడు.

సాయంత్రం మంగక్క తనంతట తానే తిరిగొచ్చింది. వస్తానని, కాని మూడు మాటలు వినాలని అంది. ఒకటి, నేను గీసినట్టు వాగు వైపు నుంచి కాకుండా గుట్ట వైపు నుంచి మొదలుపెట్టాలి. రెండు, మధ్యాహ్నంలోపు గుట్టకు అవతల ఉన్న వెదురుగుప్ప చేరాలి. మూడు, తనతో ఒక కోడిపుంజు వస్తుంది.

ఆమె పోయాక వెంకటేశం నవ్వాపుకోలేక కథంతా చెప్పాడు. వెదురుగుప్పలో మంగక్క సొంత అక్క లచ్చక్క ఉంది. ఆరేళ్ల కిందట లచ్చక్క ముద్దుగా పెంచుకున్న పుంజును మంగక్క మొగుడు ఒక్క పందేనికని అడిగి తెచ్చి ఓడిపోయాడు. ఆ పుంజు ఎవడి కూరలోనో ఉడికింది. అప్పటినుంచి అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు. ఇప్పుడు మంగక్క కూతురు సోమి పెళ్లి తొమ్మిది రోజుల్లో ఉంది. వాళ్లలో పెళ్లికూతురికి మొదటి పసుపు పెద్దమ్మే పెట్టాలి. పెద్దమ్మ బతికుండగా ఇంకొకరు పెడితే ఆ పిల్లకు జీవితాంతం అదో లోటుగా చెప్పుకుంటారు. సోమి నెల రోజులుగా తల్లితో మొర పెట్టుకుంటోందట.

మరి వెళ్లి పిలవొచ్చు కదా అన్నాను.

"వెళ్తే తల వంచినట్టు కద అక్కా. మీరు చుట్టి వస్తమన్నరు. చుట్టేటోళ్లతోటి పోతే ఆమె ఇంటికి పోయినట్టు కాదు, ఆమె ఇంటి ముందునుంచి పోయినట్టు."

పెళ్లి శుభలేఖను వాట్సాప్‌లో పంపి, రెండు నీలం గీతలు పడ్డాయో లేదో చూసుకునే ఊరి నుంచి వచ్చినదాన్ని నేను. నాకు ఆ తర్కం భలే నచ్చింది. నా నాలుగు పేజీల ప్లాను ఎందుకు పనికొస్తుందో ఆ సాయంత్రం మొదటిసారి తెలిసింది.

ఆకు కొలత

మర్నాడు ఐదున్నరకు తాళ్లగూడెంలో మొదలుపెట్టాం. మంగక్క నెత్తిన గంప, గంపలో తాటాకు చాప కింద పుంజు, నడుముకు అంబలి నింపిన సొరబుర్ర. ఊరు దాటగానే ఆమె ఒక లేత నేరేడు రెమ్మ తుంచి చేత పట్టుకుంది. ఎంత దూరమని ముందురోజే అడిగితే, నాలుగాకులు అంది. ఇప్పుడు అర్థమైంది. తుంచిన ఆకు వాడిపోయేదాకా నడిస్తే ఒక ఆకు దూరం. ఆకు వాడాక కూర్చోవాలి. మళ్లీ లేచేటప్పుడు కొత్త రెమ్మ తుంచుకోవాలి. పాతది పచ్చగా ఉండగా కొత్తది తుంచకూడదు.

గొలుసుతో, టేపుతో, చివరికి ఉపగ్రహంతో కూడా భూమిని కొలిచిన నాకు ఆ పద్ధతి చూస్తే ముచ్చటేసింది. ఎండలో నడక కష్టం కాబట్టి ఆకు త్వరగా వాడుతుంది, త్వరగా కూర్చోవచ్చు. మా డిపార్టుమెంటులో ఇంత దయగల కొలత ఒక్కటీ లేదు. మరి నీడలో సంగతి నేను ఆలోచించలేదు.

గుట్ట ఎక్కే దారంతా దట్టమైన నీడే, పైగా మంచు తడి. గంట ఎక్కాం, గంటన్నర ఎక్కాం. దారి నిచ్చెనలా నిలబడింది. రాళ్లు పట్టుకుని, వేర్లు పట్టుకుని, ఒకచోట ఒకరి కొంగు ఒకరు పట్టుకుని పాకాం. నా ప్లాను ప్రకారం ఈపాటికి రెండుసార్లు కూర్చోవాలి.

"మంగక్కా, జర కూసుందాం" అంది వదిన.

మంగక్క రెమ్మ చూపించి, "ఆకు ఇంకా వాడలే" అంది.

ఇంకో అరగంట అయ్యాక వదిన అలసట నటిస్తూ, రెమ్మ కాసేపు తాను పట్టుకుంటానని అడిగి తీసుకుంది. ఐదు నిమిషాలకే అది వేలాడిపోయింది. మంగక్క దాన్ని వాసన చూసి, వదిన చంక వైపు చూసి, బండ మీద కూర్చుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నవ్వీ నవ్వీ ఆమెకు పొలమారింది, గంపలో పుంజు కూసింది. మేం ముగ్గురం అక్కడ ఎంతసేపు నవ్వామో కాగితంలో రాసుకోలేదు.

అంబలి పుల్లగా, చల్లగా ఉంది. దొప్పలో పోసిచ్చింది. రెండు నెలలుగా నేను లెక్కలు కట్టి కొన్న ఎనర్జీ బిస్కెట్లు పుంజుకు పెట్టాం.

గుట్ట మీద

తొమ్మిదింటికి పైకి చేరాం. ఒకవైపు మోదుగలు విరగబూసి అడవంతా ఎర్రగా ఉంది. ఇంకోవైపు నీలంగా, మడతలు మడతలుగా తెలంగాణ దాకా కొండలు. గాలి ఎంత బలంగా ఉందంటే వదిన చేతులు చాచి నిలబడి గట్టిగా తన చిన్ననాటి పేరు అరిచింది. ఎందుకు అరిచావంటే తెలియదంది. నాకూ అరవాలనిపించి అరిచాను. యాభై తొమ్మిదేళ్ల మనిషిని, సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

దిగేటప్పుడు జరిగింది ప్రమాదం. ఫోటో కోసమని నేను గంప మీది చాప కాస్త తీశాను. పుంజు నా భుజం మీద కాలు పెట్టి పొదల్లోకి ఎగిరిపోయింది.

ఆ నలభై నిమిషాల గురించి ఎక్కువ చెప్పను. దాన్ని ముగ్గురం మూడు వైపులనుంచి కమ్ముకుంటూ వెళ్లాం. వదిన చీర ముళ్లకు చిక్కింది, నా లామినేషన్ కాగితాల్లో రెండు లోయలోకి పోయాయి. నేను మంగక్క ముఖం చూడలేకపోయాను. ఆ పుంజు కోసం ఆమె నెల రోజుల చింతపండు అమ్మిందని వెంకటేశం చెప్పాడు మరి. చివరికి అది ఎనర్జీ బిస్కెట్ రుచి మరిగి దానంతటదే వచ్చింది. బిస్కెట్లకు పెట్టిన డబ్బు వృథా కాలేదు.

వెదురుగుప్ప

వెదురుగుప్పలో అడుగుపెట్టేసరికి పన్నెండూ నలభై. ఎర్ర సిరా నియమం గంట కిందటే దాటిపోయింది. ఉన్నవి తొమ్మిదిళ్లు. మొదటి ఇంటి ముందు ఒక పొడుగాటి మనిషి ఇప్పచెట్టు కింద ఊడుస్తోంది. వారం రోజుల్లో పువ్వు రాలడం మొదలవుతుందని నేల శుభ్రం చేసుకుంటున్నారు. మమ్మల్ని చూసింది. మా వెనక చెల్లెల్ని చూసింది. చీపురు పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

మంగక్క మా వెనకే నిలబడిపోయింది. గుట్టంతా ముందు నడిచిన మనిషి.

కాసేపటికి లచ్చక్క మూడు చెంబుల నీళ్లతో బయటికొచ్చింది. మూడు చెంబులు తెచ్చినందుకు నేను లోలోపల గంతులేశాను. చాప వేసి, మమ్మల్ని కూర్చోమని, వదిన వైపు తిరిగి అంది:

"మీతోటి వచ్చినామె తింటదేమో అడుగుండ్రి."

మంగక్క చాప మీద, జానెడు దూరంలోనే ఉంది. వదిన చాలా గంభీరంగా పక్కకు తిరిగి, తింటావా అని అడిగింది. తింటానని చెప్పమంది మంగక్క. వదిన ఇటు తిరిగి ఆ మాట చేరవేసింది. అక్కడినుంచి గంటసేపు మా వదిన ఉద్యోగం అదే. అన్నం, ఎండుచేపల పులుసు, వెదురు కొమ్ముల కూర వడ్డిస్తూ అక్క ఒక మాట అనడం, చెల్లెలు ఒక మాట అనడం, మధ్యలో వదిన మెడ అటూ ఇటూ తిప్పడం. పులుసు అమ్మ చేసినట్టే ఉందని మంగక్క చెప్పమంటే, ఉప్పు తక్కువైందని లచ్చక్క చెప్పమంది. పుంజును ఇక్కడే వదిలిపెడతానని చెప్పమంటే, లచ్చక్క గంపలోకి తొంగి చూసి, "కాళ్లు సన్నం అని చెప్పుండ్రి" అంది.

ఆఖరికి మంగక్క తల ఎత్తకుండా, ఆకులో మెతుకులు కలుపుతూ అంది:

"ఎనిమిది దినాలకు పిల్ల పెండ్లి అని చెప్పుండ్రి. పసుపు పెట్టెటోళ్లు లేరని చెప్పుండ్రి."

వదిన ఇటు తిరిగింది. చెప్పాల్సిన అవసరం రాలేదు. లచ్చక్క ఖాళీ గిన్నెలు ఏరుకుని లోపలికి వెళ్లింది. ఎంతకూ బయటికి రాలేదు.

రెండైంది. ఇంత దూరం వచ్చి, ఇంత నవ్వి, చివరికి ఒట్టి చేతులతో ఆమెను వెనక్కి తీసుకెళ్లాలా అనిపించింది. లేచి నిలబడి, మిగిలిన రెండు కాగితాలు చూసి, ప్లాను ప్రకారం మనం గుట్ట మీదుగా వచ్చిన దారినే పోవాలని చెప్పాను. అది తెలిసిన దారి. వాగు దారిలో మంగక్క కూడా ఆరేళ్లుగా నడవలేదు. ఆరు దాటితే చీకటి.

మంగక్క గంప ఎత్తుకుంటూ స్పష్టంగా చెప్పింది.

"వచ్చిన తొవ్వల నేను రాను. మళ్లి పోతే ఈమె కోసమే వచ్చి, ఈమె కాదంటే పోయినట్టయితది. నేను చుట్టెటందుకు వచ్చిన. చుట్టే పోత."

వెనక్కి తిరగాలన్నది ఎర్ర సిరాతో రాసిన నియమం. నా ఉద్యోగంలో ఇరవై ఎనిమిదేళ్లు ఒక్క నియమం తప్పలేదు. కాగితాలు మడిచి సంచిలో పెట్టేశాను. చుట్టే పోదాం అన్నాను.

మేం నాలుగడుగులు వేశామో లేదో తలుపు గొళ్లెం పడిన చప్పుడు. లచ్చక్క చేతికర్ర, చంకలో మూటతో బయటికొచ్చింది. ఎవరివైపూ చూడకుండా గుట్ట వైపు చూస్తూ అంది:

"వాగు తొవ్వ రెండు చోట్ల తెగింది. మీకు తెల్వది. నేను పుట్టినకాన్నుంచి ఈ గుట్ట కిందనే ఉన్న, ఎన్నడు చుట్టలే. నేను సుత చుట్టొస్త."

ఇంటి పక్కనున్న నేరేడు నుంచి ఒక రెమ్మ తుంచుకుని మాకంటే ముందు నడిచింది.

వాగు దారి

ఆ మధ్యాహ్నం నడిచినంత వేగంగా నేనెప్పుడూ నడవలేదు. దారి నిజంగానే రెండు చోట్ల తెగింది. ఒకచోట మోకాళ్ల లోతు నీళ్లలో వాగు దాటాం. లచ్చక్క మూట వదిన పట్టుకుంది. అవతలి ఒడ్డుకు చేరాక చూస్తే వదిన అరచేతులు పచ్చగా ఉన్నాయి. మూటకు ఒక మూల తడిసి దంచిన పసుపు కారుతోంది. అంత పసుపు మేం అన్నం తిన్న గంటలో దంచింది కాదు. మేం రాకముందే దంచి, ఆరబెట్టి, కట్టి పెట్టుకుంది. వదిన నాకు చేతులు చూపించి, గబగబా వాగులో కడిగేసుకుంది.

వాగు దాటాక పుంజు గంప లచ్చక్క నెత్తిమీదికి ఎప్పుడు మారిందో నేను గమనించలేదు. చూసేసరికి అక్కాచెల్లెళ్లిద్దరూ ముందు, వాళ్ల భాషలో గలగలా తగువులాడుకుంటూ వెళ్తున్నారు. నాకు ఒక్క మాట అర్థం కాలేదు. మధ్యలో వదిన అవసరం మాత్రం ఎవరికీ రాలేదు.

తాళ్లగూడెం

పశువులు ఇంటికొచ్చే వేళకు, వాటి వెనకాలే దుమ్ములో ఊళ్లోకి వచ్చాం. బయల్దేరిన చోటికే. నా చుట్టు పూర్తయింది. మడమల మీద రెండు బొబ్బలు, జుట్టునిండా ముళ్లు. అంత హాయిగా నేనెన్నడూ లేను.

మంగక్క మొగుడు లచ్చక్కను చూసి మంచం మీంచి లేచి గోడవారకు జరిగాడు. లచ్చక్క అతని ముందు ఆగి, "నీ ఇంటికి రాలే. గుట్ట చుట్టొస్తున్న. నాది ఇంక సగమున్నది" అని చెప్పింది. తెల్లారి గుట్ట ఎక్కి తన ఇల్లు చేరితే ఆమె చుట్టు పూర్తవుతుంది.

లోపలినుంచి సోమి కాళ్లకు నీళ్లు తెచ్చింది. పెద్దమ్మను చూసి చెంబు చేతిలో పట్టుకునే ఏడ్చింది, ఏడుస్తూనే కాళ్లు కడిగింది. పెద్దమ్మ చేతిలోని ఆఖరి నేరేడు రెమ్మ సాయంత్రపు చల్లదనానికి ఇంకా పచ్చగానే ఉంది. సోమి దాన్ని మెల్లగా లాక్కుని, వాకిట్లో ఉన్న నీళ్లకుండలో నిలబెట్టింది.

మేం మర్నాడే బయల్దేరి వచ్చేశాం. పెళ్లయిన పది రోజులకు వెంకటేశం ఫోన్ చేశాడు. పసుపు బాగా జరిగిందట. పుంజు తాళ్లగూడెంలోనే తిరుగుతోందట, ఎవరూ దాన్ని పందేనికి అడిగే ధైర్యం చేయలేదట. లచ్చక్క మరి ఎప్పుడు వెళ్లిందని అడిగాను.

ఇంకా వెళ్లలేదన్నాడు. ఎవరైనా అడిగితే కుండ వైపు చూపించి, ఆకు ఇంకా వాడలే అంటోందట.